కారు కారుతుంటే



మన తెలుగులో ‘కారు’ అంటే రెండు సంగతులు. ఒకటి రోడ్డు మీద నడిచేది, రెండోది కప్పులోంచి నీరు దిగడం. మన మందిరం ఆవరణలో ఉన్న పాత అంబాసిడర్ ఈ రెండు పనులూ కలిపి చేస్తోందని మన వీధి పిల్లలు దానికి ‘కారే కారు’ అని పేరు పెట్టారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, అందులో ఎక్కేవారి సంగతి తలుచుకుంటే నవ్వు రాదు.

ఈ కారు 1989 నాటిది. ఊరు విడిచి పిల్లల దగ్గరికి వెళ్ళిపోతూ ఒక పెద్దాయన మనకు ఇచ్చి వెళ్ళారు. కొత్త తరం వారికి తెలియదేమో, ఈ బండ్లు బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపరలో తయారయ్యేవి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు దీనికి మాతృక. 2014లో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు వీటిని క్లాసిక్ కార్లంటూ నగరాల్లో కొందరు ముచ్చటగా దాచుకుంటున్నారు. మనకు మాత్రం ఇది ముచ్చట కాదు. మన సంఘంలోని ఒక సహోదరుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పట్నం వెళ్ళాలి. ఆటోలో నడుము నిలవదు. అంబాసిడర్ వెనక సీటులో ఒరిగి కూర్చుంటే ఆయనకు కాస్త సుఖం.

నిరుడు జూలై వానల్లో ఆయన కాళ్ళ కింద నీళ్ళు నిలిచాయి. అసలే వాచిన పాదాలు. ఆయన ఏమీ అనలేదు. ఆయన భార్య ఎరువుల సంచి లోపలి ప్లాస్టిక్ కవరు చింపి, రెండు కాళ్ళకూ చుట్టి, పైన తువ్వాలు కట్టింది. పట్నం దాకా అలాగే వెళ్ళారు. ఈ సంగతి తెలిశాక పెద్దలు కూర్చున్నారు. పాత ఇనుముకు అమ్మేసి, వచ్చిన డబ్బుతో అద్దె బండి పెడదామని కొందరన్నారు. ఆ డబ్బు ఎన్ని నెలలు వస్తుందో లెక్క వేసి అందరూ ఊరుకున్నారు. ముందు నీటి సంగతి చూద్దాం, అప్పటికీ కుదరకపోతే అమ్ముదాం అని తేల్చారు.

ముందుగా బండిని పట్నంలో ఒక షెడ్డుకు పంపాం. వాళ్ళు ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూసి, తలుపుల అడుగున కనిపించిన కన్నాలు కూడా అదే మందుతో మూసి పంపారు. వారం తిరక్కుండా నీళ్ళు రెట్టింపయ్యాయి. తలుపు తీస్తే లోపల బిందె కదిలినట్టు గుడగుడమని చప్పుడు.

అప్పుడు మన ఊళ్ళో పెంకులు నేసే తాతగారు ఒకరు వచ్చి చూశారు. ఆయన జన్మలో కారు బాగుచేసింది లేదు. “అయ్యగారూ, బొట్టు పడ్డచోటికి తిన్నగా పైనున్న పెంకు మార్చేసి దిగిపోతే అది పనేనాండీ? నీరు ఎక్కడో దూరుద్ది, వాసం పట్టుకుని జారుద్ది, ఇంకెక్కడో పడద్ది. తడిసినచోటు కాదండీ చూడాల్సింది, దాని పైన చూడాలి” అన్నారు. ఆ మాట పట్టుకునే మన యువకులూ మేమూ పని మొదలుపెట్టాం.

మొదట కారును ఎండబెట్టాం. కింద పరిచిన రబ్బరు మ్యాట్లు, వాటి అడుగున గోనెలాంటి మెత్త, అన్నీ తీసి రెండు రోజులు ఎండలో వేశాం. తడి మీద తడిని వెతకలేం కదా. ఆ తర్వాత నేలంతా పాత వార్తాపత్రికలు పరిచాం. కాగితం మీద ఒక్క చుక్క పడినా మచ్చ తెలుస్తుంది. ఒక కుర్రవాడు టార్చిలైటు పట్టుకుని లోపల కూర్చున్నాడు. బయటినుంచి తోట పైపుతో, వేగం లేకుండా, వాన జారినట్టు నీళ్ళు వదిలాం. అదీ కిందినుంచి పైకి. ముందు తలుపు అడుగు, తర్వాత తలుపు అంచు, తర్వాత కిటికీ, ఆ తర్వాత అద్దం, చివర కప్పు. ముందే కప్పు మీద పోస్తే నీరు అన్నిటి మీదుగా జారుతుంది, దొంగ ఎవరో తేలదు. ఒక్కొక్క చోట పది నిమిషాలు ఆగాం. లోపలి కుర్రవాడు “వచ్చింది” అని కేకేసినచోట సుద్దతో గీత పెట్టాం.

అలా మూడు దారులు దొరికాయి.

ఒకటి, ముందు అద్దం ఎడమ కింది మూల. అక్కడి రబ్బరు ఎండి, బిగిసి, మూల దగ్గర లేచిపోయింది. ముప్పై ఏళ్ళు దాటిన రబ్బరు కదా, వయసు దాన్ని వదులుతుందా? సిలికాన్ గీకి తీసి అద్దం ఊడదీస్తే రబ్బరు కింద ఇనుప అంచు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలింది. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది ఇనుమును తినేస్తుంది. పైన నున్నగా కనిపిస్తుంది, కింద తుప్పు సాగుతూనే ఉంటుంది. తుప్పంతా గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, రంగు వేసి, ఆరాక రాజమండ్రి నుంచి తెచ్చిన కొత్త రబ్బరుతో అద్దం ఎక్కించాం. రబ్బరు గాడిలో చుట్టూ సన్నని తాడు పెట్టి, సబ్బు నీళ్ళు రాసి, బయటినుంచి ఇద్దరు అద్దాన్ని అరచేతులతో నొక్కుతుంటే లోపలినుంచి ఒకరు ఆ తాడును మెల్లగా లాగాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి ఇనుప అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. తొందరపడితే అద్దం పగులుతుంది.

రెండోది, ఇంజను గదికీ మన కాళ్ళకీ మధ్య ఉన్న రేకులో వైర్లు దూరే కన్నం. దాని రబ్బరు బిళ్ళ ఎప్పుడో రాలిపోయింది. కొత్తది చాలా తక్కువ ధరకే దొరికింది. అంత చిన్న బిళ్ళ లేకపోవడం వల్ల ఎంత నీరు దిగిందో!

మూడోది తలుపు. మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. కిటికీ అద్దం పైకీ కిందికీ జరగాలి గనుక ఆ సందులోంచి ఎంతో కొంత వాన నీరు తలుపు పొట్టలోకి దిగుతూనే ఉంటుంది. ఏ కారులోనైనా అంతే. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకే తలుపు అడుగున సన్నని తూములు పెడతారు, వచ్చిన నీరు వచ్చినట్టే రోడ్డు మీదికి పోతుంది. ఆ తూములనే షెడ్డువాళ్ళు కారుతున్న కన్నాలనుకుని మూసేశారు. తీగతో పొడిచి తెరిస్తే నల్లని బురద, కుళ్ళిన వేపాకు, ఎవరి పిల్లదో ఒక తలపిన్ను బయటికి వచ్చాయి. లోపలి అట్ట వెనక చినిగిన ప్లాస్టిక్ షీటు కూడా కొత్తది అంటించాం. ఆ షీటు లేకపోతే పొట్టలో జారే నీరు అట్టను తడిపి లోపలికి వస్తుంది.

మనం డెల్టా వాళ్ళం. మురుగు కాలువ పూడిపోతే చేను మునుగుతుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన పడకుండా ఏ రైతూ ఆపలేడు. పడిన నీరు పోయే దారి ఉందా లేదా అన్నదే ఆయన చూసుకునేది. మరి మన ఇళ్ళలో? ఎవరికైనా కష్టం వస్తే “ఏడవకు, ఊరుకో” అనడం మన అలవాటు. అది ప్రేమతో అనేదే. అయినా అది తూము మూయడమే. ఆ సహోదరుని భార్య ఏడాదిగా ఎవరి ముందూ కంట తడి పెట్టలేదు. ఆవిడ ఎంత ధైర్యస్థురాలో అని అందరం మెచ్చుకుంటాం. ఈమధ్య నీళ్ళ బిందె చిన్నగా తగిలిందని కోడలి మీద ఇంతెత్తున లేచిందట. బిందె దగ్గర తడి కనిపించింది. నీరు దిగింది మాత్రం అక్కడ కాదు.

ప్రియులారా, అలాంటివారి దగ్గరకు వెళ్ళినప్పుడు మాటలతో కన్నాలు మూయకండి. కాసేపు పక్కన కూర్చోండి. చెప్పనివ్వండి, ఏడవనివ్వండి. వీలైతే ఒక వారం మీరే ఆయనతో ఆస్పత్రికి వెళ్ళి, ఆవిడను ఇంటిపట్టున పడుకోనివ్వండి.

కారు నేల రేకు రెండు చోట్ల తినేసి ఉంటే అతుకులు వేయించాం. ఈ బండికి విడిగా చాసిస్ ఉండదు, నేలా గడపా కలిసే దాని వెన్నెముక. అందుకే తడిని అశ్రద్ధ చేయకూడదు. అక్టోబరు తుఫాను వానలో నాలుగు ట్రిప్పులు తిరిగింది. ఆయన కాళ్ళ కింద కాగితం పొడిగానే ఉంది. డ్రైవరు పక్క చిన్న కిటికీ దగ్గర ఇంకా ఒక చుక్క జారుతోంది, అక్కడ గుడ్డ పెట్టుకుంటున్నాం. అమ్మే సంగతి పెద్దలు మళ్ళీ ఎత్తలేదు.

మంగళవారం, శుక్రవారం ఉదయం ఆరు గంటలకు బండి బయలుదేరుతుంది. ముందు సీటు ఖాళీగానే ఉంటోంది. తోడు రాగలిగినవారు ముందురోజు సాయంత్రం మాకు ఒక మాట చెప్పండి.