అర్థం తెలిశాకే తీర్పు

పాలకుర్తిలో మా దగ్గర ఖుర్ఆన్ నాజిరా చదివే పిల్లల్లో తొమ్మిదేళ్ల బాలుడు ఒకడు ఉండేవాడు. చదువులో చురుకైనవాడు. కాని సబఖ్ అప్పజెప్పేటప్పుడు కళ్లు టపటపా ఆర్పేవాడు, భుజం ఎగరేసేవాడు, ఆయతుకూ ఆయతుకూ మధ్య గొంతు సవరించుకునేవాడు. తోటి పిల్లలు నవ్వేవారు. 'కోతి చేష్టలు మానుకో' అని మేము గద్దించేవాళ్లం. కాసేపు మానేవాడు, ఆ తరువాత అవి రెట్టింపయ్యేవి. ఒకనాడు బెత్తం కూడా ఉపయోగించాము. ఆపుకోగలిగి కూడా ఆపుకోవడం లేదంటే అది మొండితనమేనని మా తీర్పు. చుట్టుపక్కలవారి తీర్పు వేరు. 'అసర్' ఉందని చెప్పి వాడి మెడకు తావీజు కట్టించారు. కొన్నాళ్లకు వాడు చదువుకే కాదు, నమాజుకూ రావడం మానేశాడు.

ఒక సాయంత్రం వాడి తల్లి హనుమకొండ డాక్టరు రాసిన చీటీ పట్టుకొని వచ్చింది. "మౌల్వీ సాబ్, డాక్టరు ఏదో చెప్పాడు, మాకు అర్థం కాలేదు. మా వాడికి పిచ్చి అని రాశాడా?" అని అడిగింది. అరబీ పదాల ధాతువులు విడదీసి చెప్పడంలోనే మా వయసు గడిచింది. అయినా ఆ చీటీలోని నాలుగు మాటలకు అర్థం చెప్పలేకపోయాము. మరునాడే ఆ చీటీతో మాకు పరిచయమున్న ఒక వైద్యుని దగ్గరకు వెళ్లి విద్యార్థిలా కూర్చున్నాము.

మద్రసాలో మేము ఒక నియమం బోధిస్తాము. పదానికి లుగవీ అర్థం, అంటే నిఘంటువులోని అర్థం ఒకటి ఉంటుంది. ఇస్తిలాహీ అర్థం, అంటే ఆ శాస్త్రపు పరిభాషలోని అర్థం మరొకటి. 'సలాత్' అంటే భాషలో దుఆ, షరీఅతులో నమాజు. రెండో అర్థం తెలియనివాడు తీర్పు చెప్పరాదు. వైద్యశాస్త్రంలోని పదాలకూ ఈ నియమమే వర్తిస్తుందని మాకు ఆనాడు తెలిసింది.

'టిక్' అంటే ఉన్నట్టుండి, వేగంగా, పదేపదే వచ్చే కదలిక లేదా శబ్దం. కన్నార్పడం, మెడ తిప్పడం, భుజం ఎగరేయడం 'మోటార్ టిక్'లు. గొంతు సవరించడం, ముక్కు ఎగబీల్చడం 'వోకల్ టిక్'లు. చాలామందికి టిక్ వచ్చే ముందు లోపల ఒక బిగువు, దురద వంటి ఒత్తిడి తెలుస్తుంది. తుమ్మును కాసేపు ఆపుకోగలం. అంతమాత్రాన తుమ్మినవాడు కావాలని తుమ్మాడని అనము కదా! టిక్ కూడా అటువంటిదే. ఆ కాసేపు ఆపుకోవడాన్ని చూసే మేము మోసపోయాము. పైగా భయం, ఆందోళన టిక్‌లను పెంచుతాయట. అంటే మా బెత్తం వాడి బాధను మరింత పెంచిందన్నమాట.

'ప్రొవిజనల్' అంటే మొదలై ఇంకా ఏడాది నిండనిది. 'క్రానిక్' అంటే మోటార్, వోకల్ రెండింటిలో ఏదో ఒక రకమే ఉండి ఏడాది దాటినది. 'క్రానిక్' అన్న మాట వినగానే ఇక నయం కాదేమోనని తల్లిదండ్రుల గుండె జారిపోతుంది. ఆ మాట గడిచిన కాలాన్ని చెబుతుందే కాని, రాబోయే కాలాన్ని నిర్ణయించదు. రెండు లేదా అంతకు మించి మోటార్ టిక్‌లు, కనీసం ఒక వోకల్ టిక్ కనిపించి, 18 ఏళ్లలోపు మొదలై, ఏడాది దాటితే దానిని 'టూరెట్ సిండ్రోమ్' అంటారు. 1885లో తొమ్మిదిమంది రోగుల స్థితిని వివరించిన ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ పేరు అది. 'సిండ్రోమ్' అంటే కలిసి కనిపించే లక్షణాల సమూహం. అది పిచ్చి కాదు. ఈ స్థితి ఉన్నవారందరూ బూతులు మాట్లాడతారన్నదీ అపోహే, అది కొద్దిమందిలోనే కనిపిస్తుంది.

టిక్‌లకు తోడుగా కొందరిలో నిలకడ కుదరని 'ఎ.డి.హెచ్.డి.', ఒకే తలపు వెంటాడి చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయించే 'ఓ.సి.డి.' ఉంటాయి. వుజూ ఎన్నిసార్లు చేసినా తృప్తి కలగని మనిషిని చూసి మనం 'వస్వసా' అని ఊరుకుంటాము. అందులో వైద్యం అవసరమైనదీ ఉంటుంది. 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ శరీరారోగ్యంతోపాటు మనసు ఆరోగ్యం గురించీ గ్రంథం రాసి, వెంటాడే తలపులను అందులో ప్రత్యేకంగా చర్చించారు. ఈ దృష్టి మన పెద్దలకు కొత్త కాదు, మనమే మరచిపోయాము.

టిక్‌లు సాధారణంగా పది, పన్నెండేళ్ల వయసులో ఎక్కువై, యౌవనం వచ్చేసరికి చాలామందిలో తగ్గుతాయి. అందరికీ మందులు అవసరం ఉండవు. ఒత్తిడిని గుర్తించి దానికి బదులు మరో కదలిక చేయడం నేర్పే శిక్షణ కూడా ఉంది. నొప్పి కలిగినా, చదువు దెబ్బతిన్నా మందులు ఇస్తారు. చికిత్స చేయించుకోమని మహాప్రవక్త (స) బోధించారు. దుఆ చేసే చేయి మందును కాదనదు. ఎవరిని అడగాలో తెలియనివారు ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు.

ఇవన్నీ తెలుసుకొని మేము ఆ బాలుని ఇంటికి వెళ్లాము. వాడు తల వంచుకొని ఒక్కటే అడిగాడు: "ఉస్తాద్, గొంతు సవరిస్తే నమాజు చెడిపోతుందని పాఠంలో చెప్పారు కదా! నా నమాజు అసలు అవుతుందా?" వాడు మస్జిదుకు ఎందుకు రావడం లేదో అప్పుడు అర్థమైంది. మేము పాఠం సగమే చెప్పాము. కారణం లేకుండా అక్షరాలు పలికేలా గొంతు సవరిస్తే నమాజు భంగమవుతుందన్న మన హనఫీ ఫిఖహ్ గ్రంథాలే, ఉజ్ర్ ఉంటే భంగం కాదని కూడా అన్నాయి. "అవుతుంది బేటా. నీది ఉజ్ర్. తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ చదివేవారికి రెండింతల పుణ్యమని హదీసులో ఉంది" అన్నాము. ఆ తరువాత వాడి తల్లి ఎదుటే, కొట్టినందుకు క్షమించమని వాడిని అడిగాము. వాడు ఏమీ అనలేదు. మరునాడు ఫజర్‌కు వచ్చి చివరి వరుసలో నిలబడ్డాడు.

సోదర సోదరీమణులారా! ఎగతాళిని, పేర్లు పెట్టి పిలవడాన్ని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో నిషేధించింది. మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో ఇటువంటి పిల్లవాడు ఉంటే, వాడికి పేరు పెట్టే ముందు డాక్టరు రాసిన మాటకు అర్థమేమిటో అడిగి తెలుసుకోండి. మేము ఆ పని ఆలస్యంగా చేశాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!