ఫ్రీమాంటిల్ రేవున ఒక దినము

రేవుపట్టణమునకు ముఖ్యద్వారము సముద్రము. ఆ ద్వారమున ఎవరు తమంతట తాము వచ్చిరో, ఎవరిని బలవంతముగా తెచ్చిరో, ఎవరిని కొనిపోయిరో తెలిసికొన్నచో ఆ పట్టణపు చరిత్రమంతయు తెలిసినట్లే. ఆస్ట్రేలియా ఖండపు పడమటి తీరమున స్వాను నది సముద్రమున కలియుచోట ఫ్రీమాంటిల్ అను పట్టణమున్నది. అచ్చట నేనును నా భార్యయు ఒక దినమెల్ల తిరిగి చూచిన సంగతులను చదువరులకు మనవి చేయుచున్నాను.

మా కుమార్తె ఆ దేశమున ఆల్బనీ అను ఊరిలో నర్సుగా పనిచేయుచున్నది. ఆమెను చూడబోవుచు గడచిన జనవరిలో మేము పెర్తు నగరమున విమానము దిగితిమి. ఆల్బనీ అచ్చటికి 400 కిలోమీటర్లకు పైబడిన దూరము. మా బస్సు మరునాటి ఉదయమునగాని లేదు. మేము ధనవంతులము కాము. చెరియొక సంచి వీపున తగిలించుకొని, చౌకగా దొరకు యాత్రికుల వసతిగృహములలో రాత్రులు గడపుచు దేశము చూచుట మాకలవాటు. దొరకిన దినమును వృథాపుచ్చనేల యని తెల్లవారగనే ఫ్రీమాంటిల్‌కు రైలెక్కితిమి. 1881లో తెరచిన ఆ రైలుమార్గమున ప్రయాణము ఇంచుమించు అరగంట.

బండిలో నా భార్య ఎక్కువగా మాటలాడలేదు. మూడేండ్లలో తిరిగివచ్చెదనని చెప్పి పోయిన బిడ్డ, తానిక అచ్చటనే స్థిరపడదలచితినని వెనుకటి నెలలో వ్రాసెను. ఆ యుత్తరము నా భార్య సంచిలోనే యుండెను. ఆ మాట మాలో నెవ్వరమును ఎత్తలేదు.

మేము మొదట చూచినది చెరసాల. 1829లో కెప్టెను చార్లెసు ఫ్రీమాంటిల్ ఇంగ్లండు రాజు పేర ఈ తీరమును వశపరచుకొనెను. ఆయన పేరే ఊరికి నిలిచినది. అంతకు వేలకొలది సంవత్సరముల పూర్వమునుండి ఇచ్చట నివసించుచున్న నూంగారు ప్రజలు ఈ చోటిని వాల్యలప్ అందురు. నేటికిని ఆ పేరు విడువలేదు. క్రొత్త వలసకు కూలిపనివారు చాలకపోగా, బ్రిటిషు ప్రభుత్వమువారు 1850 మొదలు 1868 వరకు దాదాపు 10,000 మంది ఖైదీలను ఓడలలో ఇచ్చటికి పంపిరి. వారు ఆ స్థలముననే సున్నపురాతిని త్రవ్వి తమ చెరసాలను తామే కట్టిరి. 1991లో దానిని మూసిరి. 2010లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. మొదట కట్టిన గది 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. నా భార్య గదిలో నిలిచి చేతులు చాచగా రెండు గోడలును అరచేతులకు తగిలెను. “వీరెచ్చట నుండిరో వీరి తల్లులకు తెలిసియుండునా?” అని మాత్రమే ఆమె యడిగెను.

అచ్చటినుండి ఓడశిథిలముల వస్తుప్రదర్శనశాలకు పోతిమి. అందు 1629లో ఈ తీరమునకు ఉత్తరమున పగడపు దిబ్బలకు తగిలి పగిలిన బటేవియా అను డచ్చి ఓడ వెనుకభాగము నిలిపియున్నది. 1970 తరువాతి సంవత్సరములలో ఆ దూలములను సముద్రగర్భమునుండి వెలికితీసి, చెడకుండ శుద్ధిచేసి, ఒకదానితో నొకటి కూర్చిరి. ఓడ పగిలినప్పుడు బ్రదికి దీవులకు చేరినవారిలో నూరుమందికి పైగా తమ తోడివారి చేతులలోనే హతులైరి. ఆ యోడ ఏ వర్తకసంఘమువారిదో వారికే మన మచిలీపట్టణమునను వర్తకశాల యుండెను. మనవారు వారిని వలందులనిరి. మచిలీపట్టణమున వలందపాలెము అను పేటపేరు ఇప్పటికిని కలదు. ఇంత దూరమువచ్చి మన యూరి పరిచయస్థుని కలిసికొన్నట్లు మాకు తోచెను.

మధ్యాహ్నమగుసరికి ఎండ మిక్కుటమయ్యెను. సముద్రపుటొడ్డున గుట్టమీదనున్న రౌండ్ హౌసునకు ఎక్కితిమి. పన్నెండు పలకలుగా కట్టిన ఆ చిన్న కారాగారము 1831 జనవరిలో తెరవబడినది. పశ్చిమ ఆస్ట్రేలియాలో నేటికిని నిలిచియున్న ప్రభుత్వభవనములలో అదియే మిక్కిలి పాతది. ఒంటిగంటకు అచ్చట ఫిరంగి కాల్చుదురు. పూర్వము ఓడలవారు ఆ సంకేతమునుబట్టి తమ గడియారములను సరిచేసికొనెడివారు. సముద్రముపై తాము ఎంత తూర్పుననున్నారో, ఎంత పడమరనున్నారో లెక్కించుటకు సరియైన కాలము వారికి ప్రాణాధారము.

ఫిరంగి మ్రోత యణగిన పిమ్మట పడమటివైపు చూచితిమి. దూరమున నీలముగా ఒక దీవి కనబడెను. ఇంగ్లీషువారు దానిని రాట్నెస్టు అనిరి. నూంగారులు వాజెమప్ అందురు. 1838 మొదలుకొని ఆ దేశపు ఆదివాసులను సంకెళ్లతో ఆ దీవికి కొనిపోయి బంధించిరి. అట్లు పోయిన పురుషులును బాలురును సుమారు 4,000 మంది. వారిలో 370 మంది వరకు ఆ మట్టిలోనే కలిసిరి. పడవ యెక్కించుటకు ముందు అనేకులను ఈ రౌండ్ హౌసుననే ఉంచెడివారు. ఎక్కడనుండియో తెచ్చిన ఖైదీలకు ఈ తీరము చెరయైనది; ఇచ్చటనే పుట్టినవారికి ఈ తీరమును చూచుటయే కరవైనది.

చేపలపడవల రేవున కూర్చుండి, వేపుడు చేపలును బంగాళాదుంపలును కొని తింటిమి. తెల్లని సముద్రపక్షులు మాకంటె ముందు మా పొట్లములోని ముక్కలను రుచిచూచినవి. ఇంతలో నైరృతిదిక్కునుండి చల్లనిగాలి వీచెను. వేసవి మధ్యాహ్నములందు వచ్చు ఈ గాలిని అచ్చటివారు “ఫ్రీమాంటిల్ డాక్టరు” అందురు. ఆ మాట చెప్పగనే నా భార్య నవ్వి, “డాక్టరు ఈ ఊర, నర్సు ఆ ఊర!” అనెను. ఆ దినమున ఆమె నవ్వుట అదియే మొదలు.

సాయంకాలము పెద్దరేవునకు పోతిమి. పూర్వము నదీముఖమునకు అడ్డముగా రాతిగట్టు ఉండుటచే పెద్దఓడలు లోనికి రాలేకపోయెడివి. ఐర్లండున పుట్టిన సి. వై. ఓకానరు అను ఇంజనీరు ఆ రాతిని మందుగుండుతో పగులగొట్టించి, ఇసుకను త్రవ్వించి, నదిలోపలనే రేవు నిర్మించెను. 1897లో తెరచిన ఆ రేవు నేటికిని పనిచేయుచున్నది. అంతకుముందు విదేశపు టపా తెచ్చు ఓడలు మా కుమార్తె యుండు ఆల్బనీలో ఆగెడివి; 1900లో అవి ఫ్రీమాంటిల్‌కు మారినవి. ఎందరు తల్లుల యుత్తరములు ఆ యోడలలో వచ్చినవో!

రేవున సముద్రయాన ప్రదర్శనశాల ప్రక్కన స్వాగతపు గోడలని పేరుపొందిన పలకల వరుసలున్నవి. ఓడలలో వచ్చి ఆ దేశమున స్థిరపడినవారి పేరులు వానిపై చెక్కియున్నవి. నా భార్య వరుసవెంట నడచుచు పేరులను వ్రేలితో తాకుచు చదివెను. చివర నిలిచి, “ఏమండీ, వచ్చినవారి పేరులు వ్రాసినారు. వీరిని సాగనంపి ఆవలియొడ్డున నిలిచిపోయినవారి పేరులు ఎచ్చట వ్రాసినారు?” అని యడిగెను.

నేనేమియు చెప్పలేకపోతిని. దీవికి కొనిపోబడినవారును నాకు అప్పుడే జ్ఞాపకమునకు వచ్చిరి.

చెంతనున్న బల్లమీద కూర్చుండి ఆమె సంచినుండి ఉత్తరము తీసి, మొదటిసారిగా నాకు వినబడునట్లు తుదివరకు చదివెను. పిదప మడచి, “ఉండుమనియే చెప్పుదును. దానికి ఇచ్చట పనియున్నది, గౌరవమున్నది. కాని ఒక్కటి అడిగెదను. రేపు పిల్లలు పుట్టినప్పుడు మన యూరిపేరు వారికి తెలుగున పలుకుట నేర్పవలెను. నూంగారులు వాల్యలప్ అను పేరు ఇన్నాళ్లు నోట నిలుపుకొనలేదా? మనవారును నిలుపుకొనగలరు” అనెను. అప్పుడొక పెద్దఓడ రేవునుండి మెల్లగా వెడలుచుండెను. అది నదీముఖము దాటువరకు మేమిరువురము చూచుచు కూర్చుంటిమి.

విద్యార్థులారా! మీలో కొందరు విద్యకై, ఉద్యోగమునకై రేపు సముద్రములు దాటుదురు. సంతోషముగా పొండు. పోయినచోట మీకంటె ముందున్నవారెవరో, ఆ నేలను వారేమని పిలిచిరో అడిగి తెలిసికొనుడు. మిమ్ము సాగనంపినవారి పేరు ఏ గోడమీదను ఉండదు; దానిని మీరే నోట నిలుపవలెను.