అత్తగారి డి.వి.డి.

సోదరీమణులారా! యంత్రముల సంగతి యనగానే అది మగవారి పని యని తొలగిపోవుట మనకు పరిపాటి. మేమును మొన్నటివఱకు నట్లే యుంటిమి. మా యత్తగారి కోరిక యొకటి మమ్ము కంప్యూటరు ముందు కూర్చుండబెట్టినది.

మా మామగారు కీర్తిశేషులై రెండు సంవత్సరములు గడచినవి. వారు వేసవి సెలవులలో వీధియరుగుపై మనుమలను చుట్టును కూర్చుండబెట్టుకొని భాగవతకథలు చెప్పుచుండగా మా మఱది సెల్‌ఫోనుతో ఆఱు వీడియోలు తీసియుంచెను. అన్నియు కలిపి నూఱు నిమిషములు. అవి మా కంప్యూటరులో భద్రముగా నున్నవి. కాని యత్తగారికి చూపు మందగించినది. సెల్‌ఫోనులో బొమ్మ యానదు. కంప్యూటరు ముట్టుకొనుటకు భయము. మామగారు కొన్న పాత టీవీయు, డి.వి.డి. ప్లేయరును మాత్రము ఆమెకు బాగుగా నలవాటు.

"అమ్మాయీ, ఆ పెట్టెలో వచ్చునట్లు చేయరాదా? చూడవలె ననిపించినప్పుడెల్ల మిమ్ము నడుగనక్కఱ యుండదు" అని యొకనాడు మెల్లగా ననిరి. తన భర్త ముఖము చూచుకొనుటకు ఆమె మమ్ము నడుగ సంకోచించుచున్నారని మాకప్పుడు తెలిసినది. మిక్కిలి సిగ్గుపడితిమి.

ఖాళీ డిస్కులును, డి.వి.డి. రైటరును తెప్పించి, ఆఱు ఫైళ్ళను ఉన్నవి యున్నట్లుగా డిస్కుపై కెక్కించితిమి. ప్లేయరు దానిని గిరగిర త్రిప్పి, చదువజాలనని చెప్పి యూరకున్నది. ఆ సాయంకాలము మావారు బడినుండి వచ్చి, "నీవు దస్త్రములను నకలు చేసితివి గాని డి.వి.డి. చేయలేదు" అనిరి.

ఈ భేదము బోధపడుటకు మాకు చిన్ననాటి సంగతి యొకటి తోడ్పడినది. మా తండ్రిగారియొద్ద గ్రంథలిపిలో నచ్చయిన సంస్కృతకావ్య మొకటి యుండెడిది. శ్లోకములు మేము కంఠస్థము చేసినవే. అయినను లిపి యెఱుగమి ఒక్క యక్షరమును చదువలేకపోయితిమి. పాత ప్లేయరు గతియు నదియే. సెల్‌ఫోను వీడియో సాధారణముగా ఎం.పి.4 రూపమున నుండును. ఇంటి ప్లేయరెఱిగినది ఎం.పి.ఇ.జి.-2 రూపము, మన దేశపు పాల్ పద్ధతిలో వెడల్పు 720, ఎత్తు 576 చుక్కలు, సెకనునకు 25 బొమ్మలు. అది వీడియో టీఎస్ అను పేరుగల సంచిలో, నియమిత నామములుగల ఫైళ్ళుగా నమరి యుండవలెను. ఈ లిపి మార్చి వ్రాయుటయే మనము చేయవలసిన పని. కొన్ని ప్లేయర్లు ఎం.పి.4 ఫైళ్ళను సైతము చదువును. మా యింటిది చదువదు.

ఈ పనికి డి.వి.డి. స్టైలర్ అను ఉచిత సాధనము గలదు. అందు క్రొత్త డిస్కు తెఱచి, పాల్ అని యెంచుకొని, వీడియోలను వరుసగా చేర్చవలెను. సామాన్యపు డిస్కు 4.7 జి.బి. పట్టును, కంప్యూటరు లెక్కలో నది 4.38గా కనబడును. బియ్యమునకు తగిన గిన్నె చూచుకొన్నట్లు నిడివికి తగిన బిట్‌రేటు చూచుకొనవలెను. నూఱు నిమిషములకు సెకనునకు 5.5 మెగాబిట్లు చాలును. రెండు గంటలు మించినచో రెండు డిస్కులు చేయుట మేలు. ఒక్కదానిలో క్రుక్కినచో బొమ్మ యలుకుకొనిపోవును.

ఇంత తెలిసియు రెండవ డిస్కు చెడినది. మామగారు కనబడిరి, మాటాడిరి. కాని వెదురుకఱ్ఱవలె సన్నగా, పొడవుగా నుండిరి. "మీ మామగారి నెప్పుడైన నింత చిక్కిపోనిచ్చితినా?" అని యత్తగారు నవ్విరి. తప్పు మాదే. వీడియో 16:9 కొలతది కాగా మేము 4:3 అని గుర్తు పెట్టితిమి. గుర్తు సవరించితిమి, మా టీవీ 4:3 కొలతది గనుక ప్లేయరు అమరికలలో లెటర్‌బాక్స్ అనుదానిని గూడ నెంచుకొంటిమి. క్రిందను మీదను నల్లపట్టీలు వచ్చినను ముఖము ముఖమువలె నుండును.

మూడవసారి తొందరపడలేదు. ముందు కంప్యూటరులోనే సంచి తయారుచేసి, వి.ఎల్.సి. ప్లేయరులో మొదటినుండి తుదివఱకు చూచుకొని, పిమ్మట తక్కువ వేగముతో డిస్కుపై వ్రాయించి, ఫైనలైజ్ అను ముగింపుపని యయినదాక కదలింపలేదు. పేరును బాల్‌పెన్నుతో గాక మెత్తని మార్కరుతో వ్రాసితిమి.

అత్తగారు తామే డిస్కు పెట్టి మీట నొక్కిరి. అరుగుమీది కథ నడుచుచుండెను. నడుమ మామగారు లోపలివైపు తిరిగి, "కాసిని మంచినీళ్ళు తెమ్మ"నిరి. అత్తగారు కుర్చీలోనుండి సగము లేచిరి. మఱుక్షణమున మా వైపు చూచి, ఏమియు ననక మరల కూర్చుండిరి. మేము వంటయింటిలోనికి పోతిమి.

ఇప్పుడు మధ్యాహ్నము పనులయిన పిమ్మట ఆమె యెవరి నడుగకయే చూచుకొందురు. సోదరీమణులారా, మీ యిండ్లలోను పెద్దల మాటలు కంప్యూటరులో మూలబడి యుండవచ్చును. పెద్దలు చేతనైనట్లు చూచుకొన వీలుగా వానిని మార్చి యిండు. అసలు ఫైళ్ళను మాత్రము చెఱుపక రెండుచోట్ల దాచుకొనుడు. గీతపడినచో డిస్కు మఱియొకటి చేయవచ్చును, పోయిన కంఠస్వరమును తిరిగి చేయలేము.