గంటకి కట్టిన ధర

రెండంగుళాల బొమ్మకి రంగు వెయ్యడానికి నాలుగంగుళాల బొమ్మ కంటే ఎక్కువసేపు పడుతుంది. చీర అంచు వెంట్రుకంత సన్నగా రావాలి, కళ్ళు రెండూ ఒకేవైపు చూడాలి, బొట్టు ముక్కు మీదకి జారకూడదు. చేయించుకునేవాళ్ళకి మాత్రం బొమ్మ చిన్నదైతే ధరా చిన్నదే ఉండాలనిపిస్తుంది. ధవళేశ్వరంలో మా ఇంటి వెనక గదిలో సరదాగా మొదలైన పనిని నాలుగు డబ్బులొచ్చే పనిగా మార్చుకోవడంలో నేను తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ తేడా చుట్టూనే తిరిగాయి.

పగలు నేను రాజమండ్రిలో ఒక హార్డ్‌వేర్ కొట్టులో లెక్కలు రాస్తాను. రాత్రి భోజనాలయ్యాక మట్టి బొమ్మలకీ, కొయ్య బొమ్మలకీ రంగులు వేస్తాను. మా వైపు కొన్ని ఇళ్ళలో దసరాకి, కొన్ని ఇళ్ళలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా చేర్చాలన్న ఆనవాయితీ ఉంది కాబట్టి కొత్తవి వస్తూనే ఉంటాయి. పాతవి పెట్టెల్లో రంగు పెచ్చులూడి పడుంటాయి. ఎదురింటి పిన్నిగారు వాళ్ళ అమ్మగారి కాలం నాటి దశావతారాల సెట్టు తెచ్చి, "ఎంతిమ్మంటావు నాయనా?" అన్నారు. "మీ ఇష్టమండీ" అనడం మనకి అలవాటైన మర్యాద. నేను "రేపు లెక్క చూసి చెప్తానండీ" అన్నాను. ఆ రాత్రి వేసిన లెక్కే ఇప్పటికీ నా ధరల పట్టికకి పునాది.

నా జీతం నెలకి 18,000. నెలకి 26 రోజులు, రోజుకి 8 గంటలు అంటే 208 గంటలు. గంటకి సుమారు 87 రూపాయలు. పగలంతా పనిచేసి వచ్చాక ఖర్చుపెట్టే గంట అంతకంటే ఖరీదైనది. పైగా రంగు వేసే సమయమొక్కటే లెక్కలోకి వస్తే చాలదు. ఫోటోలు పంపడం, ఫోన్లు మాట్లాడటం, పెట్టెలో పెట్టి కట్టడం కూడా పనే. ఇవన్నీ కలిపి గంటకి 150 అని ఖాయం చేసుకున్నాను. నాలుగంగుళాల బొమ్మకి పాత రంగు గీకి, తెల్లపూత పూసి, కొత్త రంగు వెయ్యడానికి మూడు గంటలు: 450. రంగులకీ, వార్నిషుకీ 50. మొత్తం 500. పది బొమ్మలకీ 5,000.

పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ డబ్బుకి కొండపల్లిలో కొత్త సెట్టే వస్తుంది కదయ్యా" అన్నారు. నిజమే. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికించి, సున్నప్పూత మీద రంగులు వేస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే పని అది. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూనే లక్క రంగు ఎక్కిస్తారు. తరతరాల చేతివాటం ఉన్న ఆ ఊళ్ళతో ధరలో పోటీపడితే నాకు గంటకి పాతిక రూపాయలు కూడా మిగలవు. అందుకే ఆవిడతో, "కొత్తవి కావాలంటే కొండపల్లివే కొనండి పిన్నిగారూ, బాగుంటాయి. మీ అమ్మగారు సర్దిన బొమ్మలే మళ్ళీ కొలువులో పెట్టాలనుకుంటే నేను చేస్తాను" అన్నాను. రెండు రోజుల తర్వాత సెట్టూ, బయానా 2,500 రూపాయలూ కలిసే వచ్చాయి.

నా ఖాతాదారు ఎవరో అక్కడ తేలిపోయింది. దుకాణంలో దొరకని బొమ్మ ఉన్నవాళ్ళే నాకు పని ఇస్తారు. చెయ్యి విరిగిన తాతగారి కాలం నాటి కృష్ణుడు, అమెరికాలో ఉన్న కూతురికి పంపాల్సిన పెళ్ళి ఊరేగింపు సెట్టు లాంటివన్నమాట. వీళ్ళు బేరమాడరని కాదు, ఆడతారు. కానీ "ఇంకోచోట చూసుకుంటాం" అనరు.

సగం బయానా చేతికొచ్చేదాకా రంగు డబ్బా మూత తియ్యను. ఆ సగంలో సామాను ఖర్చు మొత్తం పోగా, నా గంటల్లో కూడా కొంత భాగం గిట్టుతుంది. రంగు మార్పు ఒకసారి ఉచితం, ఆపైన గంట లెక్క. మార్పు అడిగేవాళ్ళలో ఎక్కువమంది కళ్ళ గురించే అడుగుతారు కాబట్టి కళ్ళు దిద్దాక ఫోటో పంపి, సరేనన్నాకే వార్నిషు వేస్తాను. కొరియర్‌లో విరిగితే బాధ్యత ఎవరిదో బయానా తీసుకునేటప్పుడే కాగితం మీద రాసుకుంటాం.

ఈ డబ్బుకి వేరే సేవింగ్స్ ఖాతా తెరిచాను. యూపీఐ కూడా దానికే. జీతం ఖాతాలో కలిస్తే ఈ డబ్బు కూరగాయలకీ కరెంటు బిల్లుకీ పోయి, ఏడాది చివర ఏం మిగిలిందో తెలియకుండా పోతుంది. వచ్చినదాంట్లో సగం ఇంటికి, ఐదో వంతు సామానుకి, మిగతాది పొదుపుకి. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ నెలకి 100 రూపాయల నుంచే కట్టొచ్చు. నేను మాత్రం మంచి నెల చూసి మురిసిపోయి పెద్ద మొత్తం పెట్టుకోలేదు. అన్నిటికంటే తక్కువ వచ్చే ఆషాఢంలో కూడా కట్టగలిగినంతే పెట్టుకున్నాను. అలా అయితే వాయిదా తప్పదు.

పరికరాలు కొనాలన్నా గంటల్లోనే లెక్క. రంగు జల్లే ఎయిర్ బ్రష్షూ కంప్రెసరూ కలిపి 9,000 అన్నారు. నా లెక్కన అది 60 గంటల పని. ఒక్కో బొమ్మకి తెల్లపూత దగ్గర అరగంట కలిసొస్తుందనుకున్నా, 120 బొమ్మలు చేస్తేగానీ పెట్టుబడి తిరిగి రాదు. అన్ని ఆర్డర్లు చేతిలో ఉన్నాకే కొన్నాను, అదీ సామాను వాటా డబ్బుతో, వాయిదాల మీద కాదు. భూతద్దం బిగించిన దీపం మాత్రం ముందే కొన్నాను. కళ్ళు పోతే గంటకి ఎంత పెట్టుకున్నా ప్రయోజనం లేదు.

మా ఊళ్ళో ఇంకో రకం పని కూడా ఉంది. 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్ట పుణ్యాన, దాన్ని కట్టించిన కాటన్ దొరని డెల్టా అంతా దేవుడిలా చూస్తుంది. మే 15న ఆయన జయంతి. బహుమతిగా ఇవ్వడానికి గుర్రం మీద ఉన్న కాటన్ చిన్న ప్రతిమలు అడుగుతారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయని, "ఒక ఐదొందలు పోతపోయించి ఉంచు బావా, రేవుల దగ్గర ఎగబడి కొంటారు" అని ఒకాయన ఉత్సాహపరిచాడు. పోతకి ఒక్కోటి 120 చొప్పున 60,000. రంగుకి గంట చొప్పున ఐదొందల గంటలు, అంటే ఇంకో 75,000. ఆర్డరు పనిలో ముందు అవతలివాళ్ళ డబ్బు కదులుతుంది. సరుకు చేసి పెట్టుకుంటే ముందు నా డబ్బూ, నా నిద్రా రెండూ కదులుతాయి. పండగ అయ్యాక మిగిలిన కాటన్‌ని ఎవరికమ్మాలి? నాలుగు నమూనాలు చేసి ఉంచాను. చూపించి బయానా తీసుకుంటున్నాను.

గోదావరి కూడా నా పద్దులో ఒక అంశమే. దసరా ఆర్డర్లు మీద పడేది జూలై, ఆగస్టుల్లో. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేసే రోజులు కూడా అవే. ముసురు పట్టిందంటే మట్టి బొమ్మ మీద తెల్లపూత ఆరదు. ఆరకుండా రంగేస్తే పొంగి ఊడిపోతుంది. అందుకని ఆ రెండు నెలల్లో ఒక్కో బొమ్మకి రోజులు ఎక్కువ చెప్తాను, వినాయక చవితి తర్వాత దసరా పని ఒప్పుకోను. వదులుకున్న ఆర్డర్లని చూసి ఇంట్లో గొణుగుతారు. మాట తప్పితే వచ్చే ఏడాది ఆర్డరు కూడా పోతుందని నా వాదన.

పన్ను సంగతి. చిన్న వ్యాపారాలకి అంచనా లాభం పద్ధతి ఉంది: బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన రాబడిలో కనీసం 6 శాతం, నగదులో కనీసం 8 శాతం లాభంగా చూపాలి, అసలు లాభం ఎక్కువైతే ఎక్కువే చూపాలి. నా రాబడిలో పెద్ద ఖర్చు నా శ్రమే. సొంత శ్రమని ఖర్చుగా రాసుకోవడానికి వీల్లేదు కాబట్టి నా లాభం 6 శాతం దగ్గర ఆగదు. అందుకే ఉన్నదే రాస్తాను. సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షలు; నేను దానికి ఆమడ దూరంలో ఉన్నాను. బొమ్మల మీదే బతికే సంప్రదాయ కళాకారులకి 2023లో మొదలైన పీఎం విశ్వకర్మలో చోటుంది: పనిముట్లకి 15,000, హామీ లేకుండా రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. ఉద్యోగం చేసుకుంటూ పక్కన రంగులేసే నాకు అప్పుతో పనిపడలేదు.

"ఇంత చెయ్యి తిరిగాక ఇంకా ఆ కొట్లో ఎందుకు?" అని అడిగేవాళ్ళున్నారు. రాజమండ్రిలో కుంచె పట్టినవాడికి ఎవరైనా దామెర్ల రామారావు పేరే చెప్తారు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయిన ఆ మహానుభావుడికి తొలినాళ్ళలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అండ దొరికింది. నాకు ఆ అండ నెలజీతమే. అరచేతిలో పట్టే బొమ్మలు గీసిన ఇంగ్లండు చిత్రకారుడు నికొలస్ హిల్లియర్డ్‌కి సాక్షాత్తూ ఎలిజబెత్ రాణే ఖాతాదారు. 1599లో ఏడాదికి 40 పౌన్ల భృతి కూడా ఇప్పించింది. అంతటివాడూ 1617లో వేరేవాళ్ళ అప్పుకి హామీ ఉండి జైలుకి వెళ్ళాడు. చేతిపని ఎంత గొప్పదైనా, డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేనివాడు ఇంకొకరి అప్పుకి పూచీ పడకూడదు. నన్నడిగిన ఒక బంధువుకి ఆ మాటే చెప్పాను.

పోయిన ఏడాది బొమ్మల మీద వచ్చింది 62,000. దసరా ముందు నెలలో 14,000, ఆషాఢంలో 1,500. ఉద్యోగం మానాలంటే నేను పెట్టుకున్న షరతులు రెండు: ఏడాది మొత్తం రాబడి జీతంతో సమానం కావాలి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. రెండూ ఇంకా దూరమే. కానీ ఎదురుచూసేవాళ్ళ వరస మూడు వారాలు దాటి ఒక సీజనంతా తగ్గలేదు. ఉన్న గంటలకంటే అడిగేవాళ్ళు ఎక్కువైనప్పుడు రాత్రి ఇంకాసేపు మేలుకోవడం కంటే ధర పెంచడమే మేలు. వచ్చే సంక్రాంతి ఆర్డర్లకి గంట ధర 180. కొందరు తగ్గిపోతారు, ఐదుగురిలో ఒకరు వెళ్ళిపోయినా నాకొచ్చే డబ్బు ఇంచుమించు అంతే ఉంటుంది, పని ఐదో వంతు తగ్గుతుంది.