గేదె ఏమంటుంది?

పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ మా పాప బొమ్మల పుస్తకాలు నాలుగు సంచీలో వేసుకున్నాను. దానికి మూడేళ్లు. మందపాటి అట్ట పేజీలు, పేజీకో జంతువు, పక్కనే దాని అరుపు. ఆవు అంబా, మేక మే మే, కోడి కొక్కొరోకో. నేను చదవడం, అది అరవడం. మధ్యాహ్నమంతా వసారాలో ఒకటే గోల.

పెరట్లో కట్టేసిన గేదెని చూపించి పాప అడిగింది, "అమ్మా, గేదె ఏమంటుంది?"

పుస్తకాలన్నీ తిరగేశాను. గుర్రం ఉంది, పంది ఉంది, బాతు ఉంది. గేదె లేదు. ఇంగ్లీషు పుస్తకాల్లో లేదంటే సరే. నేను తీసుకెళ్లిన తెలుగు పుస్తకంలోనూ లేదు. మన వాచకాల్లో 'ఆ' అంటే ఆవే కదా! 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న గేదెలూ దున్నలూ కలిపి దాదాపు 11 కోట్లు. మా గుంటూరు వైపు పుట్టి పెరిగిన నేను తాగినవన్నీ గేదెపాలే. ఆవుకిచ్చిన పవిత్రత నల్లటి గేదెకెందుకు లేదని 2004లో 'బఫెలో నేషనలిజం'లో కంచ ఐలయ్య వేసిన ప్రశ్నని సెమినార్లలో ఎన్నిసార్లు ప్రస్తావించానో! కానీ గేదె ఏమంటుందని నా కూతురు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

"అమ్మమ్మనడుగు" అన్నాను.

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే "ఎప్పుడే తల్లీ?" అంది.

పాపకి అర్థం కాలేదు. నిజానికి నాకూ కాలేదు. అప్పుడు చెప్పుకొచ్చింది అమ్మ. ఆకలేస్తే ఒకలా అరుస్తుంది. దూడ కళ్లబడకపోతే ఇంకోలా. ఈనేముందు సన్నగా మూలుగుతుంది. కొత్త మనిషి పాలు తియ్యడానికి కూర్చుంటే అరవదు, చేపదు, అంతే. ఎదకొస్తే కట్టుకొయ్య చుట్టూ తిరుగుతూ అరుస్తుంది. "కొన్ని అదీ అరవవే. మూగ ఎద. దాన్ని కనిపెట్టడమే కష్టం."

మూగ ఎద. పశువైద్యులు వాడే మాటా అదే. గేదెల్లో ఇది ఎక్కువ, ఎండాకాలం మరీను. ఆ రోజు దాటిపోతే మళ్లీ సుమారు 21 రోజులు ఆగాలి. చూడి ఆలస్యమైతే ఈత వెనక్కి పోతుంది, పాలు లేని రోజులు పెరుగుతాయి, మేత ఖర్చు మాత్రం ఆగదు. మరి అమ్మ ఎలా పట్టుకునేది? పొద్దున పాలు తగ్గితే, కుడితి సగంలో వదిలేస్తే, పేడ తీస్తున్నప్పుడు తోక కింద తీగలా సాగే జిగురు కనిపిస్తే. వెంటనే నాన్నకి చెప్పేది. నాన్న పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లి చూడి కట్టించుకొచ్చేవాడు. "ఆయనకి గేదెల సంగతి బాగా తెలుసు" అనేవాళ్లు ఊళ్లో. పాలకేంద్రంలో పుస్తకం నాన్న పేరు మీదే. డబ్బులూ నాన్న చేతికే.

ఆ డబ్బుతోనే నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నా పరిశోధనాంశం స్త్రీల కథల్లో మౌనం. పాత్ర మాట్లాడని చోటే కథని వెతకాలని మూడొందల పేజీలు వాదించాను. ఆ గ్రంథం మొదటి పేజీలో కృతజ్ఞతలున్నాయి. 'కష్టపడి చదివించిన నాన్నకి, ప్రేమగా పెంచిన అమ్మకి' అని రాశాను. రాస్తున్నప్పుడు ఒక్క క్షణమైనా నా చెయ్యి ఆగలేదు.

మూడేళ్ల పిల్లకి ఒక జంతువు, ఒక అరుపు చాలు. దాన్ని తప్పు పట్టను. కానీ మా సంచీలోని పుస్తకాల్లో పొలం ఉంది, టోపీ పెట్టుకున్న రైతు ఉన్నాడు, ట్రాక్టరుంది. పేడ తీసే మనిషి లేదు. అరుపుని విని, దానికి అర్థం చెప్పే మనిషి లేదు. మన దగ్గర వేరే ప్రయత్నాలు జరగలేదని కాదు. 2008లో అన్వేషి 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెచ్చిన పుస్తకాల్లో గోగు శ్యామల రాసిన కథలున్నాయి. అవి పెద్ద పిల్లలకి. ఒళ్లో కూర్చునే పిల్లల దాకా ఆ ఆలోచన ఎప్పుడొస్తుంది?

తిరిగొచ్చాక ఎరిక్ కార్ల్ 1984లో చేసిన 'ది వెరీ బిజీ స్పైడర్' మళ్లీ తీశాను. పొలంలోని జంతువులు ఒక్కొక్కటే వచ్చి, తమ తమ గొంతులతో సాలీడుని రమ్మంటాయి. ఆమె, అవును ఆమే, పలకదు. గూడు అల్లుతూనే ఉంటుంది. ఇంత అందమైన గూడు ఎవరు అల్లారని చివర్లో గుడ్లగూబ అడిగేసరికి నిద్రపోయి ఉంటుంది. ఎన్నిసార్లు చదివి వినిపించానో ఈ పుస్తకాన్ని! జంతువుల అరుపులే అరిచాను. సాలీడు దగ్గర ఒక్కసారీ ఆగలేదు. ఆ గూటి గీతలు ఉబ్బెత్తుగా అచ్చువేశారు, వేలికి తగులుతాయి. ఈసారి పాప వేలు పట్టుకుని వాటి మీద మెల్లగా నడిపించాను.

అమ్మకి మోకాళ్లు నొప్పులు. వచ్చే ఏడు ఈ ఒక్క గేదెనీ అమ్మేస్తానంటోంది. ఆమెకి చదువు రాదు. నా గ్రంథం కాపీ మాత్రం బీరువాలో చీరల కింద దాచుకుంది, చుట్టాలొస్తే తీసి చూపిస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు దాని మొదటి పేజీ కలంతో దిద్దాలి. దిద్ది, అమ్మకి చదివి వినిపించాలి.