బండి ఒకటే, డ్రైవర్ వేరు

సీఎస్‌ఈలో చేరిన ప్రతివాడికీ ఇంట్లో జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. ప్రింటర్ పనిచేయకపోతే మనమే, పిన్ని ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోతే మనమే, పక్కింటి అంకుల్‌కి వైఫై రాకపోయినా మనమే. "కంప్యూటర్స్ చదువుతున్నాడుగా, వాడినే అడుగు" అంటారు. నాకు తెలీదు అని చెప్పడం మనకీ ఇష్టం ఉండదు. నేనూ అలాగే పోయిన సంక్రాంతికి మా బాబాయ్‌కి రెండు నిమిషాల్లో ఒక సలహా ఇచ్చాను. ఆ రెండు నిమిషాల ఖరీదు పదిహేను వందలు. కట్టింది బాబాయ్.

బాబాయ్‌ది విజయవాడ ఆటోనగర్. అక్కడికి ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. చాలా లారీలు కంపెనీ నుంచి ఛాసిస్‌గానే వస్తాయి. ఇంజనూ, చక్రాలూ, ఫ్రేమూ ఉంటాయి, అంతే. దాని మీద టిప్పర్ తొట్టి కట్టాలా, ట్యాంకర్ కట్టాలా, మామూలు లోడు బాడీ కట్టాలా అన్నది ఆటోనగర్ షెడ్డుల్లో తేలుతుంది. బాబాయ్ చాలా ఏళ్ళు ఒక షెడ్డులో ఫిట్టర్‌గా చేసి, నాలుగేళ్ళ కింద సొంతంగా ఒక గదిలో డ్రాయింగ్ ఆఫీసు పెట్టాడు. షెడ్డువాళ్ళు కొలతలు ఇస్తే త్రీడీలో మోడల్ చేసి, లేజర్ కటింగ్‌కి డ్రాయింగులు ఇస్తారు. మోడలింగ్ చేసేది పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసిన ఒక అక్క. ఆఫీసు మొత్తానికి వర్క్‌స్టేషన్ ఒక్కటే. పాత ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ చిన్న టవర్.

భోగి రోజు పొద్దున బాబాయ్ అడిగాడు. "ఒరేయ్, మన సిస్టమ్‌లో మోడల్ తిప్పుతుంటే ఆగి ఆగి తిరుగుతోందట. మంచి గ్రాఫిక్స్ కార్డు వేయాలంటోంది అమ్మాయి. ఏది కొనాలో చెప్పు. చీటీ డబ్బులు ముప్పై అయిదు వేలు ఉన్నాయి."

నేను ఫోన్ తీసి రెండు పేజీలు పక్కపక్కన పెట్టాను. ఒకటి గేమింగ్ కార్డు, ఆర్‌టీఎక్స్ 3060. రెండోది ప్రొఫెషనల్ కార్డు, ఆర్‌టీఎక్స్ ఏ2000. రెండూ ఎన్‌విడియావే, రెండూ 2021లో వచ్చినవే, రెండింట్లోనూ ఉన్నది జీఏ106 అనే ఒకే చిప్. రెండింటికీ 12 జీబీ మెమరీ దొరుకుతుంది. గేమింగ్ కార్డులో 3584 కోర్లు, ప్రొఫెషనల్ దాంట్లో 3328. మెమరీ వేగం గేమింగ్ దానికి సెకనుకి 360 జీబీ, ప్రొఫెషనల్ దానికి 288. ప్రతి అంకెలోనూ గేమింగ్ కార్డే గెలుస్తోంది, ధర కూడా తక్కువ. ఇంక ఆలోచించేదేముంది?

"3060 తీసుకో బాబాయ్. ప్రొఫెషనల్ అని పేరు పెట్టి డబ్బులు గుంజడం తప్ప ఏమీ లేదు అందులో" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా విన్నారు. నాకు చాలా బాగా అనిపించింది.

కనుమ మర్నాడు కార్డు వచ్చింది. క్యాబినెట్ తెరిచాం. కార్డు పట్టలేదు. సరే, పట్టించినా లాభం లేదని ఇంకో నిమిషానికి అర్థమైంది. ఆ కార్డు 170 వాట్లు తింటుంది. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది 75 వాట్ల దాకానే. మిగతాది పవర్ సప్లయ్ నుంచి విడిగా వైరు లాగి ఇవ్వాలి. ఆ చిన్న టవర్‌లో ఉన్నది 260 వాట్ల సప్లయ్, కార్డుకి ఇచ్చే వైరే లేదు. షాపువాళ్ళు వెనక్కి తీసుకున్నారు, సీలు తీశాం కాబట్టి పదిహేను వందలు తగ్గించి ఇచ్చారు. వాళ్ళ తప్పేం లేదు.

బాబాయ్ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పర్లేదులే, చిన్నవాడివి" అన్నాడు. అంతకు రెండు రోజుల ముందు వరకూ నేను ఆయన దృష్టిలో ఇంజనీర్ని.

ఆ సాయంత్రం అక్క అంది, "కార్డు సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు నా పక్కన ఒక గంట కూర్చో." నిజానికి అందరికన్నా ముందు అడగాల్సింది ఆమెని. నేను ఆమెని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కూర్చున్నాను. ట్రైలర్ బాడీ అసెంబ్లీ తెరిచింది. నాలుగు నిమిషాలు పట్టింది. మోడల్ని తిప్పింది. గీతలు తెగిపోయి, మాయమై, మళ్ళీ వచ్చాయి. ఒక అంచు మీద మౌస్ పెడితే అది వెలిగేసరికి చెయ్యి ఇంకో అంచు మీదకి వెళ్ళిపోతోంది. "ఇదే నా బాధ" అంది. పోయిన నెల ఇలాగే పక్క అంచు సెలెక్ట్ అయ్యి, ఒక రంధ్రం కొలత తప్పు అంచు నుంచి పడింది. చెక్ చేసేటప్పుడు కూడా కనబడలేదు. ఆరు మిల్లీమీటర్ల షీటు కోసేశాక తెలిసింది. ఆ షీటు డబ్బులు ఆఫీసే కట్టింది. ఆ నెల ఆమె అడగాలనుకున్న జీతం పెంపు అడగలేకపోయింది. నేను ఫోన్‌లో చూసిన ఏ పేజీలోనూ ఈ విషయం లేదు.

టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టి, ఆమె పని చేస్తుంటే చూశాను. మూడు విషయాలు కనబడ్డాయి. ఒకటి, ర్యామ్ 16 జీబీ పూర్తిగా నిండిపోయి డిస్క్ మీద పడుతోంది. రెండు, కొలత మార్చి రీబిల్డ్ కొడితే ప్రాసెసర్ మొత్తం మీద 13 శాతమే పనిచేస్తోంది. ఎనిమిది థ్రెడ్లలో ఒక్కటి నిండుగా పనిచేస్తే వచ్చే లెక్క అది. ఇలాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లలో రీబిల్డ్ చాలావరకు ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది, ఎందుకంటే రంధ్రం వేయాలంటే ముందు ప్లేటు ఉండాలి, ప్లేటు ఉండాలంటే ముందు స్కెచ్ ఉండాలి. ఒక మేస్త్రీ వెల్డింగ్ చేస్తుంటే ఏడుగురు నిలబడి చూస్తున్నట్టు. దీనికి ఎంత ఖరీదైన కార్డు వేసినా లాభం లేదు. మూడు, మోడల్ని తిప్పేటప్పుడు మాత్రం కష్టం కార్డుదే. అయితే వాడుతున్న గ్రాఫిక్స్ మెమరీ మూడు జీబీ కూడా దాటలేదు. ఉన్న పాత కార్డు రెండు జీబీది, అది కూడా ఎవరో ఆటలకి వాడి వదిలేసినది.

అంటే మాకు కావలసింది ఎక్కువ కోర్లు కాదు. గీతలు సరిగ్గా గీసే కార్డు, స్లాటు కరెంటుతోనే నడిచే కార్డు. ఇక్కడ నేను వెక్కిరించిన "ప్రొఫెషనల్" అన్న పేరు వెనక ఏముందో మొదటిసారి సీరియస్‌గా చదివాను.

చదివింది బాబాయ్‌కి చెప్పాలి. అసలు పరీక్ష అక్కడ మొదలైంది. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. "సర్టిఫైడ్ డ్రైవర్స్, ఆప్టిమైజ్డ్ ఓపెన్‌జీఎల్ పాత్" అని క్లాసులో అయితే గడగడా చెప్పేస్తాను, మార్కులు కూడా పడతాయి. బాబాయ్ ముందు ఆ మాటలు నోట్లోనే ఆగిపోయాయి. తెలుగులో చెప్పలేకపోయింది తెలుగు రాక కాదు, విషయమే సరిగ్గా తెలీక.

"డ్రైవర్ తేడా బాబాయ్" అని మొదలుపెట్టాను.

"డ్రైవరా?" అని నవ్వాడు. ఆటోనగర్‌లో ఆ మాటకి ఒకటే అర్థం. నవ్వి, తనే అన్నాడు, "అంటే ఛాసిస్ ఒకటే. ఒకదాని మీద టూరిస్ట్ బస్సు కట్టారు, ఇంకోదాని మీద టిప్పర్ కట్టారు. నడిపేవాడు కూడా వేరే. అంతేనా?"

అంతే. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. చిప్ ఒకటే. గేమింగ్ కార్డు డ్రైవర్ ఆటల కోసం రాసింది. ఆటలో ఒక గోడ అంచు అరక్షణం వణికినా ఎవరికీ నష్టం లేదు, అది సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూసుకుంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో లక్షల గీతలుంటాయి, ఒక్కో గీతా ఒక కొలత. ప్రొఫెషనల్ కార్డు డ్రైవర్ ఆ గీతల కోసం రాసింది. డ్రైవర్ తేడా ఎంత ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ: 2017లో ఎన్‌విడియా తన టైటాన్ ఎక్స్‌పీ కార్డుకి కొత్త డ్రైవర్ ఇచ్చి, మాయా లాంటి సాఫ్ట్‌వేర్లలో మూడు రెట్ల దాకా వేగం పెరుగుతుందని ప్రకటించింది. కార్డులో ఒక్క స్క్రూ కూడా మారలేదు.

రెండోది సర్టిఫికేషన్. సాలిడ్‌వర్క్స్, ఆటోడెస్క్ లాంటి కంపెనీలు ఏ కార్డు, ఏ డ్రైవర్ వెర్షన్‌తో తమ సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించాయో లిస్టులు పెడతాయి. సాలిడ్‌వర్క్స్‌లో రియల్‌వ్యూ అనే డిస్‌ప్లే సదుపాయం సర్టిఫై అయిన కార్డులకే అధికారికంగా ఇస్తారు. "లారీకి ఎఫ్‌సీ లాగా" అన్నాడు బాబాయ్. ఎఫ్‌సీ ఉన్నంత మాత్రాన బండి రిపేరుకి రాదని కాదు. కానీ తేడా వస్తే అడగడానికి ఒక కాగితం ఉంటుంది.

మూడోది ఈసీసీ మెమరీ. మెమరీలో ఎప్పుడైనా ఒక బిట్ తనంతట తాను మారిపోతే కనిపెట్టి సరిదిద్దుతుంది. ఏ2000లో ఉంది, 3060లో లేదు. రోజుల తరబడి సిమ్యులేషన్లు నడిపేవాళ్ళకి ఇది ముఖ్యం. "మన పనికి?" అన్నాడు బాబాయ్. "మన పనికి అక్కర్లేదు" అన్నాను. ఆ మాట అనడం నాకే కొత్తగా ఉంది. అప్పటిదాకా నాకు ప్రతి ఫీచరూ కావాల్సిందే.

నాలుగోది కరెంటూ, సైజూ. ఏ2000 అదే చిప్‌ని 70 వాట్లలో నడుపుతుంది, విడిగా వైరు అక్కర్లేదు. మా టవర్‌లో కూడా పడుతుంది. కానీ ధర మా చీటీ డబ్బులకి అందలేదు.

చివరికి సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగి టీ1000 తీసుకున్నాను, 8 జీబీది. 50 వాట్లు, సన్నగా ఒక్క స్లాటులో పడుతుంది. ఈసీసీ లేదు. కోర్లు 896. లెక్కేసుకోండి, నేను భోగి రోజు గొప్పగా చెప్పిన 3584లో సరిగ్గా నాలుగో వంతు. ధర మాత్రం ఆ గేమింగ్ కార్డు కంటే కొంచెం ఎక్కువే. నెల రోజుల ముందు ఎవరైనా ఈ సలహా ఇస్తే నవ్వేవాణ్ణి. మిగిలిన డబ్బులకి బాబాయ్ కొంచెం కలిపితే ర్యామ్ 32 జీబీకి పెంచాం.

ఈసారి కూడా ఒకటి మర్చిపోయాను. ఆ కార్డుకి ఉన్నవన్నీ మినీ డిస్‌ప్లేపోర్టులు, అక్క మానిటర్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ. కన్వర్టర్ కోసం ఇంకో అరపూట పోయింది.

ఇప్పుడు మోడల్ తిప్పితే గీతలు గీతల్లా ఉంటున్నాయి. మౌస్ పెట్టిన అంచే వెలుగుతోంది. ఫైలు నాలుగు నిమిషాలకి బదులు రెండున్నర నిమిషాల్లో తెరుచుకుంటోంది, అది ర్యామ్ పుణ్యం. రీబిల్డ్ మాత్రం దాదాపు అలాగే ఉంది. అది ప్రాసెసర్ మారిస్తేనే తగ్గుతుందని ముందే చెప్పాను కాబట్టి ఎవరూ నన్ను అడగలేదు. మొదటిసారి చెప్పిన గొప్పల కన్నా ఈ "తగ్గదు" అన్న మాటకే నాకు ఎక్కువ విలువ దొరికింది.

ఇది చదివి మీరందరూ వెళ్ళి ప్రొఫెషనల్ కార్డు కొనకండి. మనలో చాలామందికి అది దండగ. మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులకి, బ్లెండర్‌లో రెండరింగ్‌కి, ఆటలకి గేమింగ్ కార్డే మంచి బేరం. ఆ 12 జీబీ 3060 మన హాస్టల్లో ఎంతమందిని గట్టెక్కించిందో మీకూ తెలుసు. ఏ కార్డు మంచిది అన్న ప్రశ్నకి జవాబు కార్డు పేజీలో ఉండదు. పని చేసేవాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఏ క్షణంలో వాళ్ళ చెయ్యి ఆగుతోందో అక్కడ ఉంటుంది. టాస్క్ మేనేజర్ ఫ్రీ. కుర్చీ కూడా ఫ్రీనే. నేనే పదిహేను వందలు పెట్టాను.

పోయిన వారం బాబాయ్ ఫోన్ చేశాడు. పక్క షెడ్డు ఆయన కొత్త సిస్టమ్ కొంటున్నాడట, ఏ కార్డు వేయాలో అడుగుతున్నాడట. నేను నోరు తెరిచేలోపే బాబాయ్ అన్నాడు, "నువ్విప్పుడేం చెప్పకు. మావాడు ఆదివారం వచ్చి ముందు మీ పని చూస్తాడు అని చెప్పేశాను."

ఆదివారం బస్సెక్కుతున్నాను.