మోటుపల్లి అభయస్తంభము

పర్చూరు నల్లరేగడిలో ప్రత్తిచేలు, మిరపతోటలు దాటి తీరముదిక్కునకు పోవుకొలది నేల రంగు మారి, చినగంజాము ఉప్పుమళ్లు కనబడి, ఆపైన ఇసుకనేలలలో మోటుపల్లి వచ్చును. 2022లో ప్రకాశము నుండి బాపట్ల జిల్లాలో చేరిన యీ పల్లెకు, శాసనముల నకళ్లు తీయు మిత్రుని వెంట పోయితిని.

వీరభద్రాలయమందలి స్తంభమును ఆతడు పసిబిడ్డకు నీళ్లు పోయు తల్లివలె కడిగినాడు. తడికాగితమును రాతిపై పరచి, గట్టి వెండ్రుకల కుంచెతో అది అక్షరపు గుంటలలోనికి దిగువరకు తట్టి తట్టి, పిమ్మట మసి మెత్తతో పైపైన అద్దగా, నల్లని పుటమీద తెల్లని లిపి మెల్లగా తేలినది. వర్ణము అరిగినచోట ఆతని వ్రేళ్లు ఆగి, వెనుకకు మరలి, తట్టినచోటనే మరల తట్టినవి. ఆ యోర్మిని చూచుచు నేను మిగిలిన ఆలయమును చూచుటయే మానితిని.

ఆ లిపి 1244-45 నాటిది. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సొత్తును పూర్వరాజులు బలిమిని హరించిరనియు, ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రసాహసమునకు పూనిన వర్తకులయెడ దయచే తాను నియతశుల్కము తప్ప వేఱేమియు గొననియు కాకతి గణపతిదేవుడు అందు అభయమిచ్చినాడు. ఎగుమతి దిగుమతులపై ఆ శుల్కము ముప్పదింట నొకటి. చందనము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, పగడములు పేరుపేరున పేర్కొనబడినవి. ఆ శతాబ్ది చివర వెనిసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యమును ఈ రేవు పేరనే ముట్ఫిలి యని పిలిచి, ఇచటి వజ్రములను, సన్నని వస్త్రములను కొనియాడెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డియు ఇచటనే వర్తకులకు శాసనము వేయించెను.

“అందరూ ఓడరేవుకు పోయి సముద్రంలో మునకలేసి పోతారేగాని, ఈ రాయేం చెప్పుద్దని అడిగినోళ్ళు లేరు బాబూ” అని అరుగుమీది వృద్ధురాలు మిత్రునితో ననుచుండగా వింటిని. అది నిజమగుటచేతనే నాకు కోపము వచ్చినది. ఓడరేవు, సూర్యలంక తీరముల ఇసుకకు, కెరటములకు వ్యాఖ్యాత అక్కరలేదు, శిలకు కావలయును. కెనడాదేశపు నోవాస్కోషియా తీరమున, హాలిఫాక్స్ నౌకాప్రదర్శనశాలయందు, 1912లో మునిగిన టైటానిక్ ఓడ కొయ్యకుర్చీని సైతము భద్రపరచి చూపుచున్నారు. ఓడ పగిలినవాని సొత్తు వానికే చెందునని పలికిన రాజాజ్ఞ మన తీరమందుండగా, చీరాలలో రైలు దిగిన బాలునకు దానిని చదివి వినిపించువాడు లేకుండుటను నేను సహింపజాలను. ఉప్పుగాలికి రాయి అరుగక మానదు. తీరమున మరియొక వసతిగృహమునకు పునాది తీయుటకు ముందు, శాసనార్థమును నేటి తెలుగున ఆలయద్వారమున నిలిపి, ఆ యూరి యువకునికొకనికి ప్రాచీనలిపి నేర్పి, జీతమిచ్చి, వచ్చినవారికెల్ల పంక్తి పంక్తియు చదివి చెప్పునట్లు నియమింపవలెను.